తక్కువ ఖర్చుతో టెంపరేచర్ కంట్రోల్ సోల్డరింగ్ ఐరన్: సొంతంగా కట్టుకునే పద్ధతి, జరిగే పొరపాట్లు

రాగితీగ:
ప్లగ్గులో పెట్టగానే వేడెక్కుతూనే ఉండే మామూలు ఐరన్‌తో వచ్చే తంటా అందరికీ తెలుసు. స్టాండులో ఊరికే ఉన్నప్పుడు టిప్ నల్లగా మాడిపోతుంది. అదే టిప్‌ని పెద్ద గ్రౌండ్ ప్యాడ్ మీద ఆనిస్తే సోల్డర్ కరగదు. దీనికి మందు ఎక్కువ వాట్లు కాదు. టిప్ దగ్గర ఒక సెన్సరు, దాన్ని చూసి హీటరుని నడిపే చిన్న సర్క్యూటు ఉంటే చాలు.

అన్నిటికన్నా చవకగా కుదిరే దారి ఇది: పాత ల్యాప్‌టాప్ ఛార్జరు (19 వోల్టులు, 65 వాట్లు), హక్కో 900 రకం టిప్‌లు పట్టే నకలు హ్యాండిల్, ఆర్డుయినో నానో (ప్రోగ్రాం రాసుకునే చిన్న కంట్రోలరు బోర్డు), ఎల్ఎం358 ఆప్-ఆంప్ (చిన్న వోల్టేజీని పెంచే చిప్పు) ఒకటి, ఐఆర్ఎల్‌జడ్44ఎన్ మాస్‌ఫెట్ (హీటరుని ఆన్-ఆఫ్ చేసే స్విచ్) ఒకటి, 10 కిలోఓంల పొటెన్షియోమీటరు, ఏదైనా చిన్న డిస్‌ప్లే. నానోకి 5 వోల్టులు ఇవ్వడానికి ఎల్ఎం2596 బక్ మాడ్యూలు (వోల్టేజీ తగ్గించేది).

కొనే ముందో, కొన్న వెంటనేనో చేయాల్సిన మొదటి పని హ్యాండిల్ తీగల్ని మల్టీమీటరుతో కొలవడం. తీగల రంగుల్ని నమ్మొద్దు, ఒక్కో తయారీకి ఒక్కోలా ఉంటాయి. హ్యాండిల్ నుంచి ఐదు తీగలొస్తాయి: రెండు హీటరువి, రెండు సెన్సరువి, ఒకటి టిప్ ఎర్త్‌ది. సెన్సరు జత 1, 2 ఓంలు మాత్రమే చూపి హీటరు జత పది ఓంల పైన ఉంటే అది నైక్రోమ్ హీటరు, కె రకం థర్మోకపుల్ (రెండు లోహాల తీగల అతుకు, రెండు చివరల వేడి తేడాని బట్టి చిన్న వోల్టేజీ ఇస్తుంది). సెన్సరు జత 43 నుంచి 58 ఓంల మధ్య ఉండి హీటరు 2.5 నుంచి 3.5 ఓంలు చూపితే అది సిరామిక్ హీటరు, వేడితో నిరోధం పెరిగే సెన్సరు. రెంటికీ సర్క్యూటు వేరు. ఈ పోస్టులో చెప్పేది మొదటి రకానికే.

కె థర్మోకపుల్ డిగ్రీకి సుమారు 41 మైక్రోవోల్టులు ఇస్తుంది. 400 డిగ్రీల దగ్గర టేబుల్ విలువ 16.397 మిల్లీవోల్టులు. తీగల అవతలి చివర 30 డిగ్రీల్లో ఉంటే 1.203 పోయి మిగిలేది 15.19. ఆప్-ఆంప్ ఫీడ్‌బ్యాక్‌లో (అవుట్‌పుట్ నుంచి మైనస్ ఇన్‌పుట్‌కి) 180 కిలోఓంలు, మైనస్ ఇన్‌పుట్ నుంచి గ్రౌండుకి 1 కిలోఓం పెడితే గెయిన్, అంటే సిగ్నల్‌ని పెంచే రెట్లు, 181. అంటే 400 డిగ్రీలకి 2.75 వోల్టులు, 450కి సుమారు 3.13. ఎల్ఎం358 అవుట్‌పుట్ తన సప్లయి కంటే ఒకటిన్నర వోల్టు కిందే ఆగిపోతుంది కాబట్టి, 5 వోల్టుల సప్లయికి గెయిన్ ఇంతకన్నా పెంచొద్దు. 220 కిలోఓంలు పెడితే 400 దాటగానే రీడింగు గోడకి గుద్దుకున్నట్టు ఆగిపోతుంది. నానో పది బిట్ల ఏడీసీలో (వోల్టేజీని అంకెగా మార్చే భాగం) ఒక్క మెట్టు 4.88 మిల్లీవోల్టులు, అంటే సుమారు 0.66 డిగ్రీ. మన పనికి అది చాలు.

మాస్‌ఫెట్ గేటుకి (దాన్ని ఆన్-ఆఫ్ చేసే పిన్ను) నానో నుంచి 100 ఓంలు, గేటు నుంచి గ్రౌండుకి 10 కిలోఓంలు. ఈ రెండోది మానేయొద్దు. నానో రీసెట్‌లో ఉన్నప్పుడు, ప్రోగ్రాం ఎక్కుతున్నప్పుడు ఆ పిన్ను గాల్లో ఉంటుంది. అప్పుడు గేటు ఎటైనా పోవచ్చు, హీటరు పూర్తిగా ఆన్ అయిపోవచ్చు.

సీసపుచుక్క:
ఐఆర్ఎల్‌జడ్44ఎన్ బదులు ఐఆర్ఎఫ్‌జడ్44ఎన్ వేయొచ్చా? చాలా మంది దగ్గర అదే ఉంటుంది.

రాగితీగ:
5 వోల్టులతో నేరుగా నడపాలంటే వద్దు. ఐఆర్ఎఫ్ రకం గేటుకి 10 వోల్టులిస్తేనే డేటాషీట్‌లో ఉన్న తక్కువ నిరోధం వస్తుంది. తెరుచుకోవడం మొదలయ్యే వోల్టేజే 2 నుంచి 4 దాకా ఎక్కడైనా ఉండొచ్చు. 5 దగ్గర సగం తెరుచుకుని, హీటరుకి వెళ్లాల్సిన వేడి మాస్‌ఫెట్‌లో పుడుతుంది. ఐఆర్ఎల్ రకం 5 వోల్టులకే 25 మిల్లీఓంలకు దిగుతుంది. 2 ఆంపియర్లకి పదో వంతు వాటు, హీట్‌సింకు అక్కర్లేదు.

పాతబోర్డు:
ఇంట్లో ఉన్న 25 వాట్ల మెయిన్స్ ఐరన్‌కే బల్బు డిమ్మర్ తగిలిస్తే పని జరిగిపోదా? ఇంత హంగామా అవసరమా అని అడిగేవాళ్లు చాలా మంది ఉంటారు. దానికి జవాబు కూడా ఈ చర్చలో ఉంటే మంచిది.

ఓంలెక్క:
డిమ్మర్ అదుపు చేసేది పవర్‌ని, ఉష్ణోగ్రతని కాదు. ఐరన్ ఖాళీగా ఉన్నప్పుడు 330 డిగ్రీల దగ్గర నిలిచేలా డిమ్మర్ తిప్పారనుకోండి. ఆ వేడిని నిలపడానికి ఎంత పవర్ కావాలో సరిగ్గా అంతే వెళుతోంది. ప్యాడ్ మీద ఆనించగానే ప్యాడ్ వేడిని లాగేస్తుంది, డిమ్మర్‌కి ఆ సంగతి తెలీదు, టిప్ పడిపోతుంది. సెన్సరున్న సర్క్యూటులో సరిగ్గా ఆ క్షణంలోనే హీటరుకి పూర్తి పవర్ వెళుతుంది. తేడా అంతా అక్కడే. టిప్ మాడకుండా ఉండటానికి డిమ్మర్ పనికొస్తుంది, జాయింటు నాణ్యతకి కాదు.

మెయిన్స్ ఐరన్ గొట్టానికి థర్మోకపుల్ కట్టి, ఎంఓసీ3041, బీటీ136 ట్రయాక్‌తో (మెయిన్స్ కరెంటుకి స్విచ్‌లా పనిచేసే భాగాలు) ఆన్-ఆఫ్ చేయించవచ్చు. కానీ అందులో హీటరుకి, సెన్సరుకి మధ్య దూరం ఎక్కువ. సెన్సరుకి వేడి తెలిసేసరికి హీటరులో ఇంకా బోలెడు వేడి నిల్వ ఉంటుంది, అనుకున్న వేడి దాటిపోతుంది. పైగా మైకా ఇన్సులేషను చిట్లితే థర్మోకపుల్ ద్వారా మెయిన్స్ నేరుగా మీ నానోకి, అక్కడి నుంచి యూఎస్‌బీ తీగలో కంప్యూటరుకి వస్తుంది. మొదటిసారి కట్టేవాళ్లకి ఈ దారి చెప్పకూడదనే నా గట్టి అభిప్రాయం. తక్కువ వోల్టేజీ హ్యాండిల్‌తోనే మొదలుపెట్టండి.

సున్నాదోషం:
రాగితీగ గారి సర్క్యూటు పనిచేస్తుంది. కాకపోతే ఎల్ఎం358 గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. దాని ఇన్‌పుట్ ఆఫ్‌సెట్ (ఇన్‌పుట్ సున్నా అయినా చిప్పు తనంతట కలిపే తప్పుడు వోల్టేజీ) గరిష్ఠంగా 7 మిల్లీవోల్టుల దాకా ఉండొచ్చని డేటాషీటే చెబుతుంది. 41 మైక్రోవోల్టులకి ఒక డిగ్రీ లెక్కన 7 మిల్లీవోల్టులంటే 170 డిగ్రీల తప్పు. మామూలుగా దొరికే చిప్పుల్లో 2 మిల్లీవోల్టులే ఉందనుకున్నా 49 డిగ్రీలు. ఒకే సర్క్యూటు ఇద్దరు కడితే ఒకరికి 300, ఇంకొకరికి 350 చూపించడానికి కారణం ఇదే. కోడ్‌లో తప్పు వెతుక్కుంటూ కూర్చోవద్దు.

మీ చిప్పు ఆఫ్‌సెట్ ఎంతో తెలుసుకోవడం తేలిక. థర్మోకపుల్ ఊడదీసి, ఆ రెండు టెర్మినళ్లని చిన్న తీగతో కలిపేసి, అవుట్‌పుట్ కొలిచి 181తో భాగించండి. అవుట్‌పుట్ 0.36 వోల్టు ఉంటే ఆఫ్‌సెట్ 2 మిల్లీవోల్టులు, అది కోడ్‌లో తీసేయొచ్చు. అవుట్‌పుట్ సున్నా దగ్గరే అతుక్కుని ఉంటే ఆఫ్‌సెట్ అటువైపు ఉందన్నమాట. అప్పుడు మొదటి కొన్ని పదుల డిగ్రీలు కనిపించవు, 200 పైన మాత్రం మామూలుగానే వస్తుంది. సోల్డరింగుకి అది అడ్డం కాదు, కాలిబ్రేషను పైనున్న రెండు బిందువులతో చేసుకోవాలి.

తీసేయడానికి వీల్లేనిది డ్రిఫ్టు, అంటే చిప్పు వేడెక్కే కొద్దీ ఆఫ్‌సెట్ మారడం. డిగ్రీకి 7 మైక్రోవోల్టుల చొప్పున, డబ్బా లోపల 20 డిగ్రీలు వేడెక్కితే 140 మైక్రోవోల్టులు, అంటే మూడున్నర డిగ్రీలు. పర్వాలేదు, భరించొచ్చు. ఇదీ వద్దనుకుంటే ఓపీఏ333 ఆప్-ఆంప్ వేయండి. ఆఫ్‌సెట్ 10 మైక్రోవోల్టులు దాటదు, 5 వోల్టుల ఒంటి సప్లయితో నడుస్తుంది, అవుట్‌పుట్ దాదాపు 5 దాకా వెళుతుంది. చాలా చిన్న చిప్పు, అడాప్టరు బోర్డు మీద అతికించాలి. ఓపీ07 మంచిదని పేరుంది కానీ దానికి మైనస్ సప్లయి కావాలి. ఒంటి 5 వోల్టుల మీద, ఇన్‌పుట్ గ్రౌండు దగ్గర ఉన్నప్పుడు అది పనిచేయదు.

నిప్పుకణిక:
థర్మోకపుల్‌ని నేరుగా చదివే మాక్స్6675 మాడ్యూలు వాడితే ఈ గొడవంతా పోతుంది కదా? పావు డిగ్రీ మెట్లు, కోల్డ్ జంక్షన్ (థర్మోకపుల్ చల్లటి చివర) లెక్క కూడా అదే చూసుకుంటుంది.

సున్నాదోషం:
నైక్రోమ్ హ్యాండిల్‌కి పోతుంది. రెండు సంగతులు గుర్తుంచుకోండి. ఒకటి, అది ఒక్కసారి కొలవడానికి 0.22 సెకను దాకా తీసుకుంటుంది. అంతకన్నా ముందే చదివితే జరుగుతున్న కొలత ఆగిపోయి మళ్లీ మొదటికొస్తుంది, పాత విలువే వస్తూ ఉంటుంది. హీటరు వేడెక్కుతున్నా డిస్‌ప్లే కదలడం లేదంటే సాధారణంగా ఇదే. 250 మిల్లీసెకన్లకోసారే చదవండి. రెండు, కోల్డ్ జంక్షన్‌ని అది కొలిచేది చిప్పు దగ్గర. అసలు కె తీగ ముగిసి రాగి తీగ మొదలయ్యేది హ్యాండిల్ లోపల. పని జరిగే కొద్దీ హ్యాండిల్ లోపల డబ్బాకన్నా పది పదిహేను డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉంటుంది, సరిగ్గా అంత తక్కువ చూపిస్తుంది. హ్యాండిల్‌లో ఆ అతుకు పక్కనే 10 కిలోఓంల ఎన్‌టీసీ (వేడికి నిరోధం తగ్గే సెన్సరు) పెట్టి కోడ్‌లో కలుపుకునేవాళ్లున్నారు. దానికి కేబుల్‌లో మరో తీగ కావాలి. ఆ పది డిగ్రీల కోసం అంత శ్రమ పడక్కర్లేదనిపిస్తుంది నాకు.

అదే పని చేసే మాక్స్31855 చిప్పు అయితే థర్మోకపుల్ గ్రౌండుకి తగలకూడదు. తగిలితే షార్టు లోపమని చెప్పి చదవడం మానేస్తుంది. టిప్‌ని ఎర్త్ చేస్తాం కాబట్టి, సెన్సరు బొట్టు గొట్టానికి తగిలే హ్యాండిల్‌లో అది కుదరదు.

ఓంలెక్క:
ఇంతవరకూ ఎవరూ ప్రస్తావించని, అన్నిటికన్నా ప్రమాదమైన విషయం: థర్మోకపుల్ తెగిపోతే ఏమవుతుంది? ఇన్‌పుట్ గాల్లో ఉంటుంది. ఆప్-ఆంప్ సున్నా చూపిస్తే కంట్రోలరు "చల్లగా ఉంది" అనుకుని హీటరుని ఆపకుండా నడుపుతుంది. టిప్ ఎర్రబడుతుంది, హ్యాండిల్ ప్లాస్టిక్కు కరుగుతుంది. రోజూ వంగే కేబుల్‌లో తీగ తెగడం ఎప్పటికైనా జరిగేదే కాబట్టి, దీన్ని సర్క్యూటులోనే కట్టేయాలి.

5 వోల్టుల నుంచి థర్మోకపుల్ ప్లస్ తీగకి 1 మెగాఓం రెసిస్టరు (పుల్-అప్) పెట్టండి. థర్మోకపుల్ బాగున్నంతసేపూ దాని నిరోధం 2 ఓంలే కాబట్టి 5 మైక్రోఆంపియర్లు దాని మీద పుట్టించే తప్పు 10 మైక్రోవోల్టులు, పావు డిగ్రీ. తెగగానే ఇన్‌పుట్ పైకి లేచిపోతుంది, అవుట్‌పుట్ తన గరిష్ఠానికి వెళుతుంది. రాగితీగ గారి గెయిన్‌కి 450 డిగ్రీలంటే ఏడీసీలో 640. అది 680 దాటితే హీటరు ఆపేసి లోపం చూపించమని రాయండి.

ఈ 1 మెగాఓం ఎక్కడ పెడుతున్నామో జాగ్రత్త. ఆప్-ఆంప్ ఇన్‌పుట్ ముందు నాయిస్ కోసం ఒక వరస రెసిస్టరు, 100 నానోఫారడ్ కెపాసిటరు పెడతాం కదా. పుల్-అప్ ఆ రెసిస్టరుకి థర్మోకపుల్ వైపే ఉండాలి. ఆప్-ఆంప్ వైపు పెడితే, వరస రెసిస్టరు 10 కిలోఓంలైతే 5 మైక్రోఆంపియర్లు దాని మీద 50 మిల్లీవోల్టులు పుట్టిస్తాయి. అంటే వెయ్యి డిగ్రీల పైన తప్పు. కట్టగానే లోపం చూపించి కదలకపోతే ముందు ఇదే చూడండి. ఎల్ఎం358తో అయితే ఆ వరస రెసిస్టరు 1 కిలోఓం మించొద్దు. దాని బయాస్ కరెంటు (ఇన్‌పుట్ పిన్నులో ఎప్పుడూ పారే చిన్న కరెంటు) 45 నానోఆంపియర్లే అయినా 10 కిలోఓంల మీద 0.45 మిల్లీవోల్టు, 11 డిగ్రీలు అవుతుంది.

ప్లస్ మైనస్ తారుమారైతే పుల్-అప్ కాపాడలేదు. వేడెక్కే కొద్దీ రీడింగు కిందికి పోతుంది. కాబట్టి కోడ్‌లో ఇంకొక కాపలా: హీటరు పది సెకన్లు పూర్తిగా ఆన్‌లో ఉండి, ఉండాల్సిన వేడికి చాలా కింద ఉన్నా, రీడింగు కనీసం 20 డిగ్రీలు పెరగకపోతే ఆపేయాలి. వాచ్‌డాగ్ టైమరు (ప్రోగ్రాం ఆగిపోతే నానోని రీసెట్ చేసేది) కూడా వేయండి. ప్రోగ్రాం ఎక్కడో చిక్కుకుపోయి గేటు పిన్ను ఆన్‌లో ఉండిపోవడం కూడా ఇంతే ప్రమాదం.

పాతబోర్డు:
నా హ్యాండిల్‌లో హీటరు జత 2.8 ఓంలు, సెన్సరు 51 ఓంలు. 19 వోల్టుల ఛార్జరు తగిలిస్తే ఛార్జరు లైటు ఆరి వెలుగుతోంది, హీటరు మాత్రం వేడెక్కడం లేదు. మాస్‌ఫెట్ షార్టు కాలేదు, చూశాను.

రాగితీగ:
మీది సిరామిక్ హీటరండీ. చల్లగా ఉన్నప్పుడు 19ని 2.8తో భాగిస్తే 6.8 ఆంపియర్లు. ఛార్జరు ఇవ్వగలిగింది 3.42. ఓవర్‌కరెంట్ రక్షణ తెగి మళ్లీ మొదలవుతోంది. వేడెక్కాక ఆ హీటరు నిరోధం బాగా పెరుగుతుంది, అందుకే 24 వోల్టుల స్టేషన్లలో 50 వాట్లకే సరిపోతోంది. మొదటి కొన్ని సెకన్లే గండం.

దారులు రెండు. ట్రాన్స్‌ఫార్మరు సప్లయి అయితే ఆ తోపుని ఓర్చుకుంటుంది. ఛార్జరుతోనే నడపాలంటే దాని అవుట్‌పుట్ మీద 2200 మైక్రోఫారడ్, 35 వోల్టుల కెపాసిటరు పెట్టి, మొదట్లో 1 మిల్లీసెకను ఆన్, 4 మిల్లీసెకన్లు ఆఫ్‌గా కొట్టండి. ఆ ఒక్క మిల్లీసెకనుకి కావలసిన ఛార్జి కెపాసిటరే ఇస్తుంది. ఛార్జరు ఏమీ ఇవ్వకపోయినా వోల్టేజీ 3 వోల్టులకి మించి పడదు. వేడెక్కే కొద్దీ ఆన్ సమయం పెంచుకుంటూ పోవాలి. కొన్ని ఛార్జర్లు అవుట్‌పుట్‌లో అంత పెద్ద కెపాసిటరు చూస్తే మొదలవ్వవు, అప్పుడు 1000తో ప్రయత్నించి ఆన్ సమయం సగం చేయండి.

సెన్సరు థర్మోకపుల్ కాదు కాబట్టి సర్క్యూటు కూడా మారుతుంది. దానికి 5 వోల్టుల నుంచి 4.7 కిలోఓంల ద్వారా కరెంటు ఇస్తే చల్లగా ఉన్నప్పుడు 51 ఓంల మీద 54 మిల్లీవోల్టులు వస్తాయి. 20 రెట్లు పెంచితే 1.07 వోల్టులు. వేడితో అది పెరుగుతుంది. ఇక్కడ ఎల్ఎం358 ఆఫ్‌సెట్ ఇబ్బంది చాలా తగ్గిపోతుంది, ఎందుకంటే సిగ్నలే పెద్దది. తీగ తెగితే ఇన్‌పుట్ దానంతటదే పైకి వెళుతుంది, వేరే పుల్-అప్ అక్కర్లేదు.

పాతబోర్డు:
1 మిల్లీసెకను పద్ధతితో మొదలైంది. 2200తోనే.

గొట్టంమొన:
900 హ్యాండిల్ దగ్గరే ఆగిపోతున్నారు గానీ, అదే ఛార్జరుతో టీ12 అనే రకం టిప్ నడపొచ్చు. హీటరు, థర్మోకపుల్ రెండూ టిప్ లోపలే, మొనకి దగ్గరగా ఉంటాయి. 900లో హీటరుకి, టిప్‌కి మధ్య గాలి సందు ఉంటుంది. సెన్సరు 350 చూపిస్తుంటే మొన దానికన్నా కొన్ని పదుల డిగ్రీలు తక్కువ ఉండొచ్చు, టిప్ లోపలి రంధ్రం వదులుగా ఉంటే ఇంకా ఎక్కువ తేడా. టీ12కి నిరోధం 8 ఓంలు. 24 వోల్టులకి 72 వాట్లు, 19కి 45 వాట్లు, 2.4 ఆంపియర్లు. 65 వాట్ల ఛార్జరుకి అచ్చంగా సరిపోయే బరువు. అదే 13 ఓంల నైక్రోమ్ హ్యాండిల్‌కి 19 వోల్టులతో వచ్చేది 28 వాట్లే.

మెలిక ఎక్కడంటే, థర్మోకపుల్ హీటరుకి వరసలో ఉంటుంది, రెండే తీగలు. హీటరు ఆపినప్పుడే కొలవగలం. అందుకే మాస్‌ఫెట్ గ్రౌండు వైపు పెడితే పనికిరాదు. ఆఫ్‌లో ఉన్నప్పుడు టిప్ రెండు కొసలూ సప్లయి వోల్టేజీ దగ్గర వేలాడతాయి. పై వైపు (సప్లయి ప్లస్ వైపు) పి ఛానల్ మాస్‌ఫెట్ పెట్టాలి, టిప్ మైనస్ గ్రౌండుకి వెళ్లాలి. ఐఆర్ఎఫ్4905 వేస్తే 20 మిల్లీఓంలు, 3 ఆంపియర్లకి 0.18 వాటు. ఐఆర్ఎఫ్9540ఎన్ అయితే 117 మిల్లీఓంలు, వాటు పైన, చిన్న హీట్‌సింకు కావాలి.

గేటు, సోర్సు మధ్య 20 వోల్టులు దాటకూడదు. 24 వోల్టుల సప్లయిలో గేటుని నేరుగా గ్రౌండుకి లాగితే మాస్‌ఫెట్ పోతుంది, పోయేటప్పుడు సాధారణంగా షార్టు అయి పోతుంది, అంటే హీటరు ఆన్‌లో ఉండిపోతుంది. సోర్సు నుంచి గేటుకి 4.7 కిలోఓంలు, గేటు నుంచి బీసీ547 కలెక్టరుకి ఇంకో 4.7 కిలోఓంలు. అప్పుడు గేటుకి అందేది సగం, 12 వోల్టులు. బీసీ547 బేసుకి నానో నుంచి 4.7 కిలోఓంలు, బేసు నుంచి గ్రౌండుకి 10 కిలోఓంలు.

ఇక కొలత. హీటరు ఆన్‌లో ఉన్నప్పుడు ఆప్-ఆంప్ ఇన్‌పుట్ మీద పూర్తి 24 వోల్టులు పడతాయి. ఓపీఏ333 అయితే 10 కిలోఓంల వరస రెసిస్టరు చాలు. లోపలి డయోడ్ల గుండా 2 మిల్లీఆంపియర్ల లోపే పోతుంది, దాని హద్దు 10. ఎల్ఎం358 ఇన్‌పుట్ తన సప్లయి ఎంతైనా 32 వోల్టుల దాకా ఓర్చుకుంటుంది, దానికి రక్షణ బెంగ లేదు, ఆఫ్‌సెట్ బెంగ మాత్రం అలాగే ఉంది.

చాలా మంది తప్పేది కెపాసిటరు దగ్గర. 10 కిలోఓంలకి 100 నానోఫారడ్ పెడితే టైం కాన్‌స్టెంట్ (వోల్టేజీ దాదాపు మూడో వంతుకి దిగే సమయం) 1 మిల్లీసెకను. ఐదింతలు ఆగితే చాలనుకుంటారు. కానీ లోపలి డయోడ్లు ఆపే అయిదున్నర వోల్టుల నుంచి 10 మైక్రోవోల్టులకి దిగాలంటే పదమూడు టైం కాన్‌స్టెంట్లు, అంటే 13 మిల్లీసెకన్లు. 5 మిల్లీసెకన్లు ఆగి చదివితే ఇంకా 37 మిల్లీవోల్టులు మిగిలి ఉంటాయి. రీడింగు ఎప్పుడూ గరిష్ఠం, హీటరు వెలగదు. 1 నానోఫారడ్ పెట్టండి, ఐదు మిల్లీసెకన్లు ఆగండి, పదహారు సార్లు చదివి సగటు తీయండి. నాయిస్ పని ఆ సగటే చూసుకుంటుంది.

200 మిల్లీసెకన్ల కిటికీ (హీటరు ఆన్-ఆఫ్ ఒక చుట్టు) పెట్టుకుంటే అందులో చివరి 10 కొలతకి. పవర్‌లో 5 శాతమే పోతుంది. నానోలో మామూలుగా పీడబ్ల్యూఎం (వేగంగా ఆన్-ఆఫ్ చేసి పవర్ తగ్గించడం) కోసం వాడే 490 హెర్ట్జ్‌ని ఇక్కడ వాడొద్దు. దాని ఆఫ్ సమయం రెండు మిల్లీసెకన్ల లోపే, ఆప్-ఆంప్ తేరుకోదు.

టీ12 కొసల్లో వెనక చివర ప్లస్, దాని ముందు పట్టీ మైనస్, గొట్టం ఎర్త్. నకలు టిప్‌లూ ఉంటాయి కాబట్టి తగిలించే ముందు మొనని లైటరుతో వేడి చేసి మీటరులో మిల్లీవోల్టులు ఎటువైపు ప్లస్ చూపుతున్నాయో చూసుకోండి. అర నిమిషం పని. ఇందులో ఉన్నది కె రకం కాదు, కె టేబుల్ వాడితే వేడి తప్పుగా వస్తుంది. దీనికి కాలిబ్రేషను తప్పనిసరి.

నిప్పుకణిక:
ఎర్త్ సంగతి. ల్యాప్‌టాప్ ఛార్జర్లు చాలా వాటికి రెండే పిన్నులు. టిప్‌ని 1 మెగాఓం ద్వారా ఎర్త్ చేస్తే ఈఎస్‌డీకి (స్థిర విద్యుత్తు నుంచి భాగాల్ని కాపాడటానికి) సరిపోతుంది కదా?

ఓంలెక్క:
మణికట్టు పట్టీకి 1 మెగాఓం సరైనది, అది మనిషిని కాపాడటానికి. టిప్‌కి సరిపోదు. ఛార్జరులో మెయిన్స్ వైపు నుంచి అవుట్‌పుట్ వైపుకి వై కెపాసిటరు ఉంటుంది. అది 2.2 నానోఫారడ్ అయితే 50 హెర్ట్జ్ దగ్గర దాని అడ్డు 1.45 మెగాఓంలు. దానికి ఎదురుగా 1 మెగాఓం పెడితే ఆ లీకేజీ వోల్టేజీలో సగానికి పైగా టిప్ మీదే ఉండిపోతుంది. కరెంటు చాలా తక్కువ, చేతికి సన్నగా జివ్వుమంటుంది అంతే. కానీ మాస్‌ఫెట్ గేటు పాడవడానికి అది చాలు. టిప్‌ని నేరుగా ఎర్త్ చేయాలి. టిప్ మొన నుంచి ఎర్త్ పిన్నుకి మీటరులో 2 ఓంల లోపు రావాలి.

మూడు పిన్నుల ఛార్జరు దొరికితే అదే తీసుకోండి. కొన్నిటిలో అవుట్‌పుట్ మైనస్ లోపలే ఎర్త్‌కి కలిసి ఉంటుంది, మీటరుతో చూస్తే తెలుస్తుంది. ఇక ఒక్క జాగ్రత్త: టిప్ ఎర్త్ అయి ఉంటుంది కాబట్టి కరెంటు ఉన్న బోర్డు మీద సోల్డరింగ్ చేయొద్దు, టిప్ తగిలిన చోటల్లా షార్టవుతుంది.

సీసపుచుక్క:
నాది నైక్రోమ్ హ్యాండిల్, 13 ఓంలు. హీటరు ఆన్ కాగానే రీడింగు ఒక్కసారిగా 60 డిగ్రీలు ఎగిరి, ఆఫ్ కాగానే దిగుతోంది. 100 నానోఫారడ్ పెట్టినా తగ్గలేదు.

సున్నాదోషం:
అది నాయిస్ కాదు, గ్రౌండు తీగ మీద వోల్టేజీ. 19 వోల్టులు, 13 ఓంలు అంటే దాదాపు ఒకటిన్నర ఆంపియరు. మాస్‌ఫెట్ సోర్సు, ఆప్-ఆంప్ గ్రౌండు ఒకే సన్న తీగ మీద ఉంటే, 2 మిల్లీఓంలకే 3 మిల్లీవోల్టులు, 70 డిగ్రీలు. అర చదరపు మిల్లీమీటరు రాగి తీగ 6 సెంటీమీటర్లుంటే చాలు, ఆ 2 మిల్లీఓంలు వచ్చేస్తాయి. ఛార్జరు మైనస్ పడే చోటు నుంచి మాస్‌ఫెట్‌కి ఒక లావు తీగ, ఆప్-ఆంప్, నానోకి వేరే తీగ లాగండి. థర్మోకపుల్ మైనస్ ఆప్-ఆంప్ గ్రౌండు దగ్గరే ముగియాలి. ఎలాగూ హీటరు ఆపి చదివే పద్ధతి నైక్రోమ్‌కి కూడా వాడండి, ఈ బాధ మూలంతో పోతుంది.

7805 రెగ్యులేటరు ఐసీ కూడా ఆప్-ఆంప్ పక్కన పెట్టొద్దు. 24 వోల్టుల నుంచి 50 మిల్లీఆంపియర్లు లాగితే దాదాపు ఒక వాటు దాని మీదే పోతుంది, హీట్‌సింకు లేకుండా అది గది వేడికన్నా 60 డిగ్రీలు పైకెళుతుంది. రాగితీగ గారు చెప్పిన బక్ మాడ్యూలే మేలు. నానో మీదున్న రెగ్యులేటరుకి 19 గానీ 24 గానీ నేరుగా ఇవ్వొద్దు.

నిప్పుకణిక:
కోడ్‌లో పీఐడీ (వేడి తేడాని బట్టి హీటరు పవర్ లెక్కించే పద్ధతి) విలువలు ఎవరైనా ఇస్తారా?

రాగితీగ:
పూర్తి పీఐడీ అక్కర్లేదు, పీ (తేడాకి తగ్గ పవర్), ఐ (మిగిలిన తేడాని కూడబెట్టేది) చాలు. డీ, అంటే డెరివేటివ్ (తేడా మారే వేగం), వేస్తే ఏడీసీ నాయిస్‌ని పెద్దది చేస్తుంది. మొదలుపెట్టడానికి: 250 మిల్లీసెకన్ల కిటికీ, తేడా 40 డిగ్రీలు దాటితే 100 శాతం, లోపుంటే డిగ్రీకి 2.5 శాతం. దీనితోనే అనుకున్నదానికి కొన్ని డిగ్రీల కింద నిలబడుతుంది. ఆ లోటు పూడ్చడానికి ప్రతి కిటికీకి డిగ్రీకి 0.05 శాతం చొప్పున కూడబెట్టండి. కూడబెట్టడం ఆ 40 డిగ్రీల లోపలే జరగాలి. చల్లగా ఉన్నప్పటి నుంచే కూడబెడితే పైకి చేరేసరికి కొండంత పోగై, 50, 60 డిగ్రీలు దాటి వెళ్లి చాలాసేపు దిగదు. టీ12 తేలికైన టిప్, దానికి 2.5 బదులు 4 దాకా వెళ్లొచ్చు. రీడింగు ఊగుతుంటే ముందు ఐ తగ్గించండి, తర్వాత పీ.

స్టాండ్‌బై తప్పకుండా పెట్టండి. హ్యాండిల్‌లో బంతి టిల్ట్ స్విచ్ గానీ, స్టాండులో అయస్కాంతం, రీడ్ స్విచ్ గానీ. 5 నిమిషాలు కదలకపోతే 200కి దించాలి. 400 పైన ఊరికే ఉంచితే టిప్ మీది ఇనుప పూత త్వరగా ఆక్సీకరణమై సోల్డర్ పట్టడం మానేస్తుంది.

గొట్టంమొన:
కాలిబ్రేషను గురించి. 63/37 తగరం-సీసం సోల్డర్ సరిగ్గా 183 డిగ్రీల దగ్గర కరుగుతుంది, మధ్యలో ముద్ద దశ ఉండదు. అదే 60/40 అయితే 183 నుంచి 190 దాకా మెత్తగా ఉంటుంది, దానితో చేయొద్దు. తగరం-రాగి 99.3/0.7 కరిగేది 227 దగ్గర. టిప్ శుభ్రం చేసి 63/37 సన్న పొర పూయండి. 160 నుంచి రెండేసి డిగ్రీలు పెంచుతూ, ఒక్కో మెట్టు దగ్గర పది సెకన్లు ఆగండి. గరుకుగా మసకగా ఉన్న పొర అద్దంలా మెరిసిన క్షణంలో ఏడీసీ అంకె రాసుకోండి. తీగ ముక్కతో చూడొద్దు, లోపలి రోజిన్ ముందే కరిగి కారుతుంది, అదే సోల్డర్ అనుకుని మోసపోతారు. తర్వాత టిప్ తుడిచి, తగరం-రాగితో ఇలాగే 227 దగ్గర. సీసం మరక మిగిలితే అది ముందే కరుగుతుంది కాబట్టి రెండు మూడు సార్లు కొత్త సోల్డర్‌తో కడిగి తుడవాలి.

ఈ రెండు బిందువుల గీతని 350 దాకా పొడిగిస్తే సరిపోతుంది. కాకపోతే రెంటి మధ్య దూరం 44 డిగ్రీలే. 227 దగ్గర 2 డిగ్రీలు తప్పు చదివితే 350 దగ్గర అది 7, 8 డిగ్రీలవుతుంది. మీటరుతో వచ్చే కె ప్రోబ్‌ని టిప్ మీద సోల్డర్ బొట్టులో ముంచి 330 దగ్గర ఒకసారి సరిచూసుకోండి. సన్న తీగల బొట్టు ప్రోబ్ అయితేనే. లావు లోహపు కడ్డీ ప్రోబ్ మొన వేడిని తనే లాగేసి తక్కువ చూపిస్తుంది.

సీసపుచుక్క:
గ్రౌండు తీగలు వేరు చేసి, హీటరు ఆపి 5 మిల్లీసెకన్ల తర్వాత చదివితే ఎగరడం పూర్తిగా పోయింది. ఇప్పుడు 320 మీద పెడితే మూడు డిగ్రీల లోపే ఊగుతోంది.

ఓంలెక్క:
కేబుల్ ఏది వాడారు? పీవీసీ అయితే మార్చేయండి, టిప్ తగిలిన చోట వెంటనే కోసుకుపోతుంది. లోపల బయటపడేది థర్మోకపుల్ తీగో హీటరు తీగో చెప్పలేం. ఐదు తీగల సిలికాన్ కేబుల్ వేయండి. వేశాక, థర్మోకపుల్ ప్లగ్గు ఒకసారి ఊడదీసి లోపం చూపిస్తోందో లేదో, హీటరు ఆగుతోందో లేదో పరీక్షించండి. డబ్బా మూత బిగించేది ఆ తర్వాతే.